విండోస్ హోమ్, ప్రో, సర్వర్, మ్యాక్, లినక్స్: బ్యాకప్, వర్చువలైజేషన్ ఎందులో ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కంప్యూటర్ కొనేటప్పుడో, పాతదాన్ని అప్‌గ్రేడ్ చేసేటప్పుడో చాలామంది నన్ను అడిగే ప్రశ్నలివి. బ్యాకప్, వర్చువల్ మెషీన్లు (మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్లు; అలా నడపడమే వర్చువలైజేషన్) అనే రెండు విషయాలకే పరిమితమయ్యాను. ఎడిషన్ల మధ్య ఇంకా చాలా తేడాలు ఉన్నాయి కానీ, డబ్బు పెట్టి ఎడిషన్ మార్చాలా వద్దా అన్న సందేహం ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే వస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్ ఉంది. మంచి బ్యాకప్ కోసం ప్రోకి మారాలా?

అక్కర్లేదు. బ్యాకప్ విషయంలో హోమ్‌కీ ప్రోకీ దాదాపు తేడా లేదు. ఫైల్ హిస్టరీ రెండింట్లోనూ ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)" అనే పాత పేరుతో కనిపించే సిస్టమ్ ఇమేజ్ సదుపాయమూ రెండింట్లోనూ ఉంది. సిస్టమ్ రీస్టోర్, రికవరీ డ్రైవ్, కొత్తగా వచ్చిన విండోస్ బ్యాకప్ యాప్ కూడా అంతే. ఆ అప్‌గ్రేడ్‌కి పెట్టే డబ్బుతో ఒక మంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనుక్కోండి. మీ ఫోటోలనీ ఫైళ్లనీ కాపాడేది అదే.

మరి "బ్యాకప్ కావాలంటే ప్రొఫెషనల్ తీసుకోవాలి" అని చాలామంది అంటారే?

ఒకప్పుడు అది నిజమే. 2009లో వచ్చిన విండోస్ 7లో బ్యాకప్ టూల్ అన్ని ఎడిషన్లలో ఉన్నా, నెట్‌వర్క్‌లోని వేరే కంప్యూటర్‌కో నాస్‌కో (నెట్‌వర్క్‌కి తగిలించే నిల్వ పెట్టె) బ్యాకప్ తీసే వీలు మాత్రం ప్రొఫెషనల్, అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లకే ఇచ్చారు. హోమ్ ప్రీమియం ఉన్నవాళ్లు యూఎస్‌బీ డ్రైవ్‌తోనో డీవీడీలతోనో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. వర్చువలైజేషన్‌లోనూ అలాంటి గీతే ఉండేది. పాత ప్రోగ్రాములు నడపడానికి ఇచ్చిన ఎక్స్‌పీ మోడ్ కూడా ఆ మూడు ఎడిషన్లకే.

2012లో విండోస్ 8తో ఫైల్ హిస్టరీ వచ్చింది. అది అన్ని ఎడిషన్లలోనూ నెట్‌వర్క్ ఫోల్డర్‌కి కాపీ చేయగలదు. బ్యాకప్‌లో ఆ పాత గీత అక్కడితో చెరిగిపోయింది. సలహా మాత్రం ఇంకా నోటినోటా తిరుగుతూనే ఉంది.

విండోస్‌లో బ్యాకప్ పేరుతో మూడు నాలుగు కనిపిస్తున్నాయి. ఏది ఏం చేస్తుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎడిషన్ తేడా కన్నా ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు.

ఫైల్ హిస్టరీ మీ సొంత ఫైళ్లను చూసుకుంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లలో మారిన ఫైళ్లను మామూలుగా గంటకోసారి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కో నెట్‌వర్క్ ఫోల్డర్‌కో కాపీ చేస్తుంది. పాత వెర్షన్లు కూడా దాస్తుంది. నిన్న మధ్యాహ్నం ఎక్సెల్ షీట్ ఎలా ఉందో ఇవాళ తెరిచి చూడొచ్చు. విండోస్ గానీ, మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములు గానీ ఇందులోకి రావు.

సిస్టమ్ ఇమేజ్ దీనికి పూర్తిగా వేరు. సి డ్రైవ్ మొత్తాన్ని, బూట్ పార్టిషన్లతో సహా, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది. డిస్క్ చచ్చిపోతే కొత్త డిస్క్ పెట్టి ఆ ఇమేజ్‌ని తిరిగి ఎక్కిస్తే ప్రోగ్రాములతో సహా కంప్యూటర్ మళ్లీ ముందులాగే లేస్తుంది.

విండోస్ బ్యాకప్ యాప్ అని ఇప్పుడు స్టార్ట్ మెనూలో కనిపించేది మీ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కి పంపి, సెట్టింగ్‌లనూ యాప్‌ల జాబితానూ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో గుర్తుపెట్టుకుంటుంది. జాబితానే, ప్రోగ్రాములను కాదు. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ. ఫోటోలు ఎక్కువగా ఉన్నవాళ్లకి అది ఏ మూలకీ చాలదు. పైగా వన్‌డ్రైవ్ స్వభావం సింక్ చేయడం. ఇక్కడ ఫైల్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. పర్సనల్ అకౌంట్ అయితే 30 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, ఆ తర్వాత పోయినట్టే.

సిస్టమ్ రీస్టోర్ అసలు బ్యాకప్ కిందకే రాదు. డ్రైవర్ వల్లో అప్‌డేట్ వల్లో విండోస్ మొరాయిస్తే వెనక్కి తీసుకెళ్లడానికి పనికొస్తుంది. మీ డాక్యుమెంట్లను అది పట్టించుకోదు, డిస్క్ పోతే దానితో పాటే పోతుంది.

సిస్టమ్ ఇమేజ్‌ని ఇంకా నమ్మొచ్చా? "విండోస్ 7" అని రాసుంది కదా?

2017లో విండోస్ 10 వెర్షన్ 1709తో మైక్రోసాఫ్ట్ దీన్ని అభివృద్ధి ఆపేసిన సదుపాయాల జాబితాలో చేర్చింది. థర్డ్ పార్టీ టూల్స్ వాడుకోండని చెప్పింది. తీసేయలేదు కాబట్టి పనిచేస్తూనే ఉంది. నా అభిప్రాయం: ఇప్పుడు వాడుకోండి, కానీ పూర్తిగా దీని మీదే ఆధారపడకండి. ముఖ్యమైన ఫైళ్లకి ఫైల్ హిస్టరీ లాంటిది పక్కన ఉండాల్సిందే. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి సిస్టమ్ ఇమేజ్ తీస్తే చివరిసారి తీసినది ఒక్కటే మిగులుతుంది, ముందుది చెరిగిపోతుంది. వైరస్ పట్టిన మర్నాడు ఇమేజ్ తీశారంటే మీ దగ్గరున్నది వైరస్ పట్టిన ఇమేజ్ ఒక్కటే.

ఒక మంచి చిట్కా. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో "విండోస్ ఇమేజ్ బ్యాకప్" పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిస్తే లోపల వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు కనిపిస్తాయి. అవి వర్చువల్ డిస్కులు. పెద్ద ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది కొత్త డ్రైవ్‌లా మౌంట్ అవుతుంది. మొత్తం రీస్టోర్ చేయకుండానే కావలసిన ఒక్క ఫోల్డర్‌ని బయటికి లాక్కోవచ్చు. దీనికీ ప్రో అక్కర్లేదు, హోమ్‌లోనే అవుతుంది. పని అయ్యాక డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి. లోపల ఏదీ మార్చకండి.

అంటే బ్యాకప్‌లో ప్రో వల్ల ఏ ఉపయోగమూ లేదా?

ఒకటి ఉంది. బ్యాకప్ డ్రైవ్‌కి తాళం వేయడం. బిట్‌లాకర్ టు గో అనే సదుపాయంతో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టు మార్చొచ్చు. కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయాలంటే ప్రో, ఎంటర్‌ప్రైజ్ లేదా ఎడ్యుకేషన్ ఉండాలి. అలా ఎన్‌క్రిప్ట్ అయిన డ్రైవ్‌ని పాస్‌వర్డ్ ఇచ్చి తెరవడం మాత్రం హోమ్‌లోనూ కుదురుతుంది. ఇది చిన్న విషయం కాదు. ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, సిస్టమ్ ఇమేజ్‌లోకి వెళ్లే డేటా ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. ఆ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు అంతా చూసేయొచ్చు. హోమ్‌లో ఉన్నవాళ్లు వెరాక్రిప్ట్ లాంటి ఉచిత టూల్‌తో ఈ లోటు తీర్చుకోవచ్చు.

తాళం వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. మా పిన్ని ల్యాప్‌టాప్ డిస్క్ ఒకరోజు ఉన్నట్టుండి పోయింది. బ్యాకప్ ఉంది, భయం లేదనుకున్నాం. ఆ డ్రైవ్‌ని నా కంప్యూటర్‌కి పెడితే పాస్‌వర్డ్ అడిగింది. ఆవిడకి గుర్తులేదు. రికవరీ కీ అంటే 48 అంకెలు. అది ఎక్కడ పెట్టావని అడిగితే "డాక్యుమెంట్స్‌లో సేవ్ చేశాను కదా" అంది. ఆ డాక్యుమెంట్స్ ఉన్నది చచ్చిపోయిన డిస్క్‌లో. రెండు రోజుల వెతుకులాట తర్వాత, వాషింగ్ మెషీన్ వారంటీ కార్డు పెట్టిన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఆ కీ ప్రింట్ దొరికింది. ఎన్‌క్రిప్ట్ చేసిన రోజే ఎవరో చెప్తే ప్రింట్ తీసిందట, ఆ సంగతే మర్చిపోయింది. ఆ రెండు రోజులూ మనవడి మొదటి పుట్టినరోజు ఫోటోల గురించే మాట్లాడింది. అప్పటి నుంచి ఎవరికి ఎన్‌క్రిప్షన్ పెట్టినా ముందు కీ ప్రింట్ తీయించి, అది ఎక్కడ పెట్టారో నా కళ్లతో చూశాకే మిగతా పని చేస్తున్నాను.

వర్చువలైజేషన్‌లో హోమ్‌కీ ప్రోకీ తేడా ఎంత?

అసలు తేడా ఇక్కడే. వర్చువల్ మెషీన్లు నడిపే మైక్రోసాఫ్ట్ సాధనం పేరు హైపర్-వి. అది ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంది, హోమ్‌లో లేదు. విండోస్ శాండ్‌బాక్స్ కూడా అంతే. 2019లో వెర్షన్ 1903తో వచ్చిన ఈ శాండ్‌బాక్స్ నిజంగా బాగుంటుంది. అనుమానంగా ఉన్న ప్రోగ్రామ్‌ని అందులో నడిపి చూసి, విండో మూసేస్తే లోపల జరిగినదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

హోమ్‌లోనూ ఉన్నది డబ్ల్యూఎస్‌ఎల్ 2. లినక్స్‌ని విండోస్ లోపలే నడిపే సదుపాయం ఇది. ఇది కూడా లోపల చిన్న వర్చువల్ మెషీనే. అంటే వర్చువలైజేషన్‌కి మూలమైన హైపర్‌వైజర్ హోమ్‌లోనూ ఉంది. కోర్ ఐసోలేషన్ అనే సెక్యూరిటీ సెట్టింగ్ కూడా దాన్నే వాడుకుంటుంది. హోమ్‌లో లేనివి మీ ఇష్టం వచ్చినట్టు వర్చువల్ మెషీన్లు తయారు చేసుకోవడానికి కావలసిన హైపర్-వి మేనేజర్, దాని వెనక పనిచేసే సర్వీసులు. లినక్స్ నేర్చుకోవడానికో, ప్రోగ్రామింగ్ కోసమో అయితే డబ్ల్యూఎస్‌ఎల్ 2 చాలు, ప్రో అక్కర్లేదు.

ర్యామ్ పరిమితి సంగతీ అడుగుతుంటారు. విండోస్ 11 హోమ్ 128 జీబీ వరకు, ప్రో 2 టీబీ వరకు, ఎంటర్‌ప్రైజ్ 6 టీబీ వరకు వాడుకోగలవు. ఇంట్లో వాడే కంప్యూటర్ 128 జీబీని దాటడం అరుదు కాబట్టి దీని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

ఏదో స్క్రిప్ట్ నడిపితే హోమ్‌లోనూ హైపర్-వి వస్తుందంటున్నారు. చేయొచ్చా?

వద్దు. ఆ స్క్రిప్ట్‌లు విండోస్ లోపల ఉన్న ప్యాకేజీలను బలవంతంగా ఇన్‌స్టాల్ చేస్తాయి. మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఇవ్వదు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఎవరో రాసిన స్క్రిప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుపుతున్నారు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే దారులుండగా ఆ తలనొప్పి ఎందుకు?

ఆ ఉచిత దారులేంటి?

వర్చువల్‌బాక్స్ హోమ్‌లో చక్కగా నడుస్తుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోని కూడా 2024 మే నెలలో వ్యక్తిగత వాడకానికి, అదే ఏడాది నవంబర్‌లో వ్యాపార వాడకంతో సహా అందరికీ ఉచితం చేశారు. అదనపు సదుపాయాలిచ్చే వర్చువల్‌బాక్స్ ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్స్ మాత్రం వేరు. ఆఫీసులో వాడే ముందు దాన్ని చదవండి.

వర్చువల్‌బాక్స్ విండో కింద కుడివైపు చిన్న చిన్న ఐకాన్లు ఉంటాయి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ హైపర్‌వైజర్ ముందే ప్రాసెసర్‌ని పట్టుకుని ఉందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడుస్తోందని అర్థం. మెషీన్ నత్తనడక నడుస్తోందని టెన్షన్ పడేవాళ్లు ముందు ఆ తాబేలు కోసం చూడండి. డబ్ల్యూఎస్‌ఎల్ 2, కోర్ ఐసోలేషన్ లాంటివి ఆన్‌లో ఉంటే అది ప్రత్యక్షమవుతుంది. అది పోవాలంటే వాటిని ఆఫ్ చేయాలి. కోర్ ఐసోలేషన్ సెక్యూరిటీ కోసం ఉన్నది. వేగం కోసం దాన్ని ఆపేయమని నేను చెప్పను. అంతగా కావాలంటే ప్రోకి మారి హైపర్-వి వాడటం మేలు.

నా కంప్యూటర్ వర్చువలైజేషన్‌కి సపోర్ట్ చేస్తుందో లేదో ఎలా చూడాలి?

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. గ్రాఫ్ కింద "వర్చువలైజేషన్: ఎనేబుల్డ్" అని ఉంటే సిద్ధంగా ఉన్నట్టే. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే కంప్యూటర్ సెట్టింగ్‌లు) వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎక్కువగా ఎస్‌వీఎమ్ అని ఉంటుంది. హైపర్-వికి కనీసం 4 జీబీ ర్యామ్ అంటారు గానీ, 16 జీబీ లేకుండా దాని జోలికి వెళ్లొద్దని నా సలహా.

వర్చువల్ మెషీన్‌కి చెక్‌పాయింట్ తీశాను. అది బ్యాకప్ కదా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డేటా ఎడిషన్ల గొడవ వల్ల ఎప్పుడూ పోలేదని నేను నమ్ముతాను.

హైపర్-విలో చెక్‌పాయింట్, వర్చువల్‌బాక్స్, వీఎంవేర్‌లలో స్నాప్‌షాట్ అంటారు. చెక్‌పాయింట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్క్ ఫైల్ గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగే ప్రతి మార్పూ ఏవీహెచ్‌డీఎక్స్ అనే పక్క ఫైల్‌లో రాస్తూ పోతుంది. అసలు ఫైలూ పక్క ఫైలూ రెండూ ఉంటేనే మెషీన్ నడుస్తుంది. రెండూ ఒకే డిస్క్ మీద ఉంటాయి. ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి.

నాకు ఎదురైనది చెప్తాను. ఒక చిన్న ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక వర్చువల్ మెషీన్‌లో నడిచేది. దాన్ని చూసుకునేది నేనే. ఒక అప్‌డేట్ వేసే ముందు జాగ్రత్త కోసం చెక్‌పాయింట్ తీశాను. అప్‌డేట్ సాఫీగా అయిపోయింది, చెక్‌పాయింట్ సంగతి మర్చిపోయాను. ఎనిమిది నెలల తర్వాత ఒక సోమవారం ఉదయం ఫోన్: "సార్, ఏదీ ఓపెన్ అవట్లేదు." వెళ్లి హైపర్-వి మేనేజర్ తెరిస్తే మెషీన్ పేరు ఎదురుగా "పాజ్డ్-క్రిటికల్" అని ఉంది. హోస్ట్ డిస్క్‌లో, అంటే మెషీన్‌ని నడుపుతున్న అసలు కంప్యూటర్ డిస్క్‌లో, ఖాళీ సున్నా. పక్క ఫైల్ 200 జీబీ దాటి పెరిగిపోయింది. నేను చేరేసరికి అక్కడ పనిచేసే అబ్బాయి ఆ పెద్ద ఫైల్‌ని సెలెక్ట్ చేసి, డిలీట్ చేయనా అని అడుగుతున్నాడు. ఆ బటన్ నొక్కి ఉంటే ఎనిమిది నెలల లెక్కలు పోయేవి, ఎందుకంటే అవన్నీ ఉన్నది ఆ ఫైల్‌లోనే.

వేరే ఫైళ్లను మరో డ్రైవ్‌కి తరలించి చోటు చేశాం. మెషీన్ మొత్తాన్ని ముందు కాపీ తీసుకున్నాం. తర్వాత హైపర్-వి మేనేజర్‌లోంచే చెక్‌పాయింట్‌ని డిలీట్ చేశాం. అలా చేస్తే పక్క ఫైల్‌లోని మార్పులన్నీ అసలు డిస్క్‌లో కలిసిపోతాయి. ఆ కలిసే పని తెల్లవారే దాకా సాగింది. ఏవీహెచ్‌డీఎక్స్ ఫైల్‌ని ఎప్పుడూ ఎక్స్‌ప్లోరర్‌లో చెరపకండి. చెక్‌పాయింట్‌ని తీసేయాల్సింది మేనేజర్‌లోనే.

విండోస్ 10 నుంచి మామూలుగా వచ్చేది ప్రొడక్షన్ చెక్‌పాయింట్. ఇది మెషీన్ లోపలి విండోస్‌కి కబురు పెట్టి, డేటాబేస్‌లు రాస్తున్నది ఒక కొలిక్కి తెచ్చాకే తీస్తుంది. పాతది స్టాండర్డ్ రకం, మెమరీలో ఉన్నది కూడా పట్టుకుంటుంది. మొదటిది మంచిదే. అయినా రెండూ బ్యాకప్ కావు.

అయితే వర్చువల్ మెషీన్‌కి సరైన బ్యాకప్ ఎలా?

రెండు దారులు. మెషీన్ లోపల, అది నిజమైన కంప్యూటర్ అన్నట్టే, ఫైల్ హిస్టరీ లాంటిది పెట్టుకోవడం ఒకటి. మొత్తం మెషీన్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టడం రెండోది. హైపర్-వి మెషీన్ నడుస్తుండగానే ఎక్స్‌పోర్ట్ చేయనిస్తుంది. వర్చువల్‌బాక్స్ అయితే మెషీన్‌ని ఆపి, దాని ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి.

వర్చువల్ డిస్క్ ఫైల్‌తో ఇంకో చిక్కు ఉంది. 60 జీబీ డిస్క్ ఫైల్ లోపల ఒక చిన్న లెటర్ టైప్ చేసి సేవ్ చేసినా, ఫైల్ స్థాయిలో పనిచేసే చాలా బ్యాకప్ టూల్స్‌కి మొత్తం 60 జీబీ మారినట్టే లెక్క. గంటకోసారి అంతా మళ్లీ కాపీ చేస్తూ డ్రైవ్‌ని నింపేస్తాయి. అందుకే ఆ ఫోల్డర్‌ని రోజువారీ బ్యాకప్ నుంచి మినహాయించి, వారానికోసారి విడిగా ఎక్స్‌పోర్ట్ చేయడం నా అలవాటు.

విండోస్ సర్వర్‌లో స్టాండర్డ్, డేటాసెంటర్‌ల మధ్య తేడా ఏంటి?

హైపర్-వి రెండింట్లోనూ ఒకటే. విండోస్ సర్వర్ బ్యాకప్ రెండింట్లోనూ ఒకటే. ఒక మెషీన్ కాపీని వేరే సర్వర్‌కి పంపుతూ ఉండే హైపర్-వి రెప్లికా కూడా రెండింట్లోనూ ఉంది. తేడా ముఖ్యంగా లైసెన్స్‌లో. సర్వర్‌లోని ప్రాసెసర్ కోర్లన్నిటికీ ఒకసారి స్టాండర్డ్ లైసెన్స్ తీసుకుంటే రెండు విండోస్ సర్వర్ వర్చువల్ మెషీన్లు నడపొచ్చు. డేటాసెంటర్ అయితే ఎన్నైనా నడపొచ్చు. లైసెన్స్ కోర్ల లెక్కన ఉంటుంది, ఒక సర్వర్‌కి కనీసం 16 కోర్లకు కొనాలి.

స్టాండర్డ్‌లో ఒక మెలిక. ఆ రెండు మెషీన్ల హక్కు పూర్తిగా కావాలంటే హోస్ట్ మీద హైపర్-వి, దాని నిర్వహణ తప్ప ఇంకేమీ నడపకూడదు. హోస్ట్‌నే ఫైల్ సర్వర్‌గా కూడా వాడేద్దామనుకుంటే ఒక మెషీన్ హక్కు తగ్గుతుంది. లినక్స్ మెషీన్లకి ఈ లెక్క వర్తించదు.

సదుపాయాల్లోనూ కొన్ని డేటాసెంటర్‌కే ఉన్నాయి. అనేక సర్వర్ల డిస్కులను ఒకే నిల్వగా కలిపే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ అందులో ఒకటి. డిస్క్‌లోని డేటాని వేరే సర్వర్‌కి కాపీ చేస్తూ ఉండే స్టోరేజ్ రెప్లికా స్టాండర్డ్‌లో సర్వర్ 2019 నుంచి ఉంది కానీ, ఒక్క వాల్యూమ్‌కి, అదీ 2 టీబీ వరకే. రెండు మూడు మెషీన్లు నడిపే చిన్న సంస్థకి వీటి అవసరం రాదు.

ఉచితంగా వచ్చే హైపర్-వి సర్వర్ ఉండేది కదా?

ఉండేది. 2019 వెర్షనే ఆఖరిది, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కొత్తది విడుదల చేయలేదు. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 జనవరి వరకు వస్తాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లని అటు వెళ్లమనను. వర్చువల్ మెషీన్లు నడపడానికే ఉన్న లినక్స్ ఆధారిత సిస్టమ్ ప్రాక్స్‌మాక్స్ చూడమంటాను. డబ్బు కట్టినా కట్టకపోయినా అందులో సదుపాయాలన్నీ ఒకటే. సబ్‌స్క్రిప్షన్ కడితే బాగా పరీక్షించిన అప్‌డేట్లు, సపోర్ట్ వస్తాయి. షెడ్యూల్ పెట్టి వర్చువల్ మెషీన్ల బ్యాకప్ తీసే సదుపాయం మొదటి నుంచే ఉంటుంది. ఎడిషన్ల పట్టికలు చదివి విసిగిపోయినవాళ్లకి ఇది పెద్ద ఊరట.

మ్యాక్‌లో ఎడిషన్ల గొడవ లేదు కదా?

లేదు. మ్యాక్‌ఓఎస్ ఒక్కటే. 2007లో లెపర్డ్‌తో వచ్చిన టైమ్ మెషీన్ అన్ని మ్యాక్‌లలోనూ ఉంది. గడచిన 24 గంటలకి గంటకోటి, గడచిన నెలకి రోజుకోటి, అంతకు ముందువి వారానికోటి చొప్పున దాస్తుంది. డ్రైవ్ నిండితే పాతవి తీసేస్తుంది. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఇంత బాగా పనిచేసే బ్యాకప్ వేరే సిస్టమ్‌లలో నేను చూడలేదు.

వర్చువలైజేషన్‌లో తేడా ఎడిషన్‌ది కాదు, ప్రాసెసర్‌ది. ఎమ్ సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌లో పూర్తి వేగంతో నడిచేవి ఆర్మ్ (ఆ చిప్ వాడే ప్రాసెసర్ రకం) కోసం తయారైన సిస్టమ్‌లే. విండోస్ అయినా ఆర్మ్ వెర్షనే ఎక్కించాలి. ఒక మ్యాక్‌లో అదనంగా రెండు వరకు మ్యాక్‌ఓఎస్ వర్చువల్ మెషీన్లు నడపడానికి ఆపిల్ లైసెన్స్ ఒప్పుకుంటుంది.

లినక్స్ సంగతి?

లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎమ్ 2007లో 2.6.20 వెర్షన్‌తో కెర్నల్‌లోనే, అంటే లినక్స్ మూల భాగంలోనే, కలిసిపోయింది. డెస్క్‌టాప్ అయినా సర్వర్ అయినా అదే కేవీఎమ్. వర్ట్-మేనేజర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే మౌస్‌తోనే అన్నీ చేసుకోవచ్చు. ఇది కావాలంటే ఇంత కట్టండి అనేవాళ్లు లేరు.

బ్యాకప్ మాత్రం మీరే ఎంచుకుని పెట్టుకోవాలి. లినక్స్ మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్‌ని చూసి, బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉండకండి. అది సిస్టమ్ ఫైళ్ల కోసం. మీరు మార్చితే తప్ప మీ సొంత ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ని వదిలేస్తుంది. విండోస్ సిస్టమ్ రీస్టోర్‌తో పోల్చుకోవచ్చు. మీ ఫైళ్ల కోసం డేజా డప్ గానీ, కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లు బోర్గ్ గానీ పెట్టుకోండి. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఇచ్చే స్నాప్‌షాట్లు క్షణంలో వస్తాయి, చోటు తక్కువ తీసుకుంటాయి. అవీ అదే డిస్క్ మీద ఉంటాయని మర్చిపోవద్దు.

హోమ్ నుంచి ప్రోకి మారితే ఫైళ్లు పోతాయా?

పోవు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ప్రో కీ ఇస్తే ఒకటి రెండు రీస్టార్ట్‌లతో అయిపోతుంది. ప్రోగ్రాములూ ఫైళ్లూ ఉన్నచోటే ఉంటాయి. వెనక్కి, అంటే ప్రో నుంచి హోమ్‌కి రావాలంటే మాత్రం విండోస్‌ని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఏ దిశలో మారినా ముందు బ్యాకప్ తీయండి.

నా బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

రీస్టోర్ చేసి చూస్తేనే తెలుస్తుంది. నేను మూడు నెలలకోసారి ఇలా చేస్తాను. బ్యాకప్ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెడతాను. వేరే కంప్యూటర్ అనేది ముఖ్యం, అసలుది పోయిన రోజు మీ చేతిలో ఉండేది అదే. పోయిన ఏడాదివి ఐదు ఫైళ్లు ఎంచుకుంటాను: ఒక ఫోటో, ఒక వీడియో, ఒక పీడీఎఫ్, ఒక ఎక్సెల్ షీట్, ఒక మెయిల్ ఆర్కైవ్. వాటిని బయటికి తీసి, ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను. పేరు కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు.

వర్చువలైజేషన్ ఉంటే దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లొచ్చు. హైపర్-విలోనో వర్చువల్‌బాక్స్‌లోనో అసలు సి డ్రైవ్ కన్నా పెద్ద ఖాళీ డిస్క్‌తో కొత్త మెషీన్ చేయండి. మీ కంప్యూటర్ యూఈఎఫ్ఐతో (పాత బయోస్ స్థానంలో వచ్చినది) బూట్ అయ్యేదైతే హైపర్-విలో జనరేషన్ 2 ఎంచుకోండి. సిస్టమ్ ఇమేజ్‌ని నెట్‌వర్క్ షేర్‌లోనో రెండో వర్చువల్ డిస్క్‌లోనో పెట్టి, విండోస్ ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉన్నది)తో మెషీన్‌ని బూట్ చేసి, రిపేర్ ఆప్షన్లలోంచి సిస్టమ్ ఇమేజ్ రికవరీకి వెళ్లండి. అసలు కంప్యూటర్‌ని ముట్టుకోకుండానే రీస్టోర్ రిహార్సల్ అయిపోతుంది. హార్డ్‌వేర్ మారింది కాబట్టి యాక్టివేషన్ అడుగుతుంది, దాన్ని పట్టించుకోకండి. చూడాల్సింది ఒక్కటే, మీ డెస్క్‌టాప్ లేచిందా లేదా. మొదటిసారి చేసినప్పుడు ఆ చిన్న విండోలో నా వాల్‌పేపర్, దాని మీద నేను ఎప్పటి నుంచో సర్దుదామనుకుంటున్న ఫోల్డర్లు ఒక్కొక్కటిగా కనిపించాయి. అయ్యాక ఆ మెషీన్‌ని డిలీట్ చేసి, డ్రైవ్ మీద అతికించిన కాగితం మీద ఆ రోజు తేదీ రాశాను.